ఎక్కువైన ఐదు మాటలు

ఆ రోజు ఉదయం కాఫీ తాగుతూ అక్కా తమ్ముడూ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా అర్జీ పంపేయాలి, తరవాత లైబ్రరీలో తడిసిన పుస్తకాలు ఎండలో పెట్టాలి. ఎండ రానే లేదు. అర్జీ మాత్రం సాయంత్రం ఐదింటి గడువుకి రెండు నిమిషాల ముందు వెళ్లింది. అదీ వెళ్లకపోయినా బాగుండేదని తమ్ముడుగారు ఇప్పటికీ అనుకుంటూ ఉంటారు.

ఆయన బడిలో భాష చెబుతారు. మంచినీళ్లు కావాలన్నా ముందు దాహం గురించి నాలుగు ముక్కలు చెప్పే మనిషి కాబట్టి అందరూ ఆయన్ని ఉపోద్ఘాతం మాస్టారంటారు. అక్క అదే బడిలో లైబ్రరీ చూస్తుంది. రెండేళ్లుగా లైబ్రరీ పైకప్పు కారుతోంది. పుస్తకాల్లో సగం డ్రిల్లు మాస్టారి గదిలో బంతుల మధ్య ఉన్నాయి. పిల్లలు వరండాలో నిలబడి చదువుకుంటున్నారు. అక్క రిటైరవడానికి ఇంకా అయిదు నెలలుంది. వెళ్లేలోగా ఒక్కసారైనా పిల్లలు ఆ గదిలో కూర్చుని, మాటిమాటికీ పైకి చూడకుండా చదువుకుంటే చూడాలని ఆవిడ కోరిక.

అలాంటి సమయంలో ఒక ట్రస్టు బడులకు పోటీ పెట్టింది. నలభై బడులు అర్జీలు పెడితే ఒక్కదానికే సాయం. ఫారంలో ఒకే ఒక్క గడి. మీ బడికి ఏం కావాలో మూడువందల మాటల్లోపు చెప్పండి, మిగతాది మేం వచ్చి చూసుకుంటాం అన్నారు. వారం కిందటే అక్క ఒక చీటీ మీద రాసిచ్చింది: "మా లైబ్రరీ పైకప్పు కారుతోంది. బాగుచేయించండి."

"ఇంతేనా అక్కా?" అన్నారు మాస్టారు.

"ఇంకేం కావాల్రా? కారుతోంది. బాగుచెయ్యమంటున్నాం."

"నలభై బళ్లు పోటీ పడుతున్నాయి. చదువుతుంటే వాళ్ల కళ్లు చెమర్చాలి."

"పుస్తకాలు చెమర్చాయిగా, చాలదూ?"

మాస్టారు నవ్వేసి, సైన్సు టీచరు చేత వర్ణన, లెక్కల మాస్టారి చేత అంకెలు రాయించి కలుపుకుని, మొత్తం తొమ్మిదివందల మాటలు రాశారు. అక్క మీద గౌరవం కొద్దీ ఆవిడ రెండు వాక్యాలూ చిట్టచివర చేర్చారు.

తీరా పంపబోతే కంప్యూటరు ఒప్పుకోలేదు. మూడువందలు దాటితే ఒక్క మాట కూడా తీసుకోనంది. "అందరం తలో చెయ్యీ వేద్దాం," అన్నారు హెడ్మాస్టరుగారు. అసలు ముప్పు అక్కడ మొదలైంది.

ముందు సైన్సు టీచరు కూర్చుంది. వాన నీరు ఏ గోడ నుంచి ఏ బీరువాలోకి దిగుతోందో తాను వర్ణించిన పేరా చూసి, "ఇదంతా లెక్కల మాస్టారు అంకెలతో సహా కింద రాశారుగా," అని తీసేసింది. ఖాళీ అయిన చోట తన ప్రయోగశాల శుభ్రత గురించి నాలుగు వాక్యాలు చేర్చింది. తరవాత లెక్కల మాస్టారు వచ్చారు. పగుళ్లెన్నో, బకెట్లెన్నో తానే రాసిన అంకెలు చూసుకుని, "పైన సైన్సు టీచరు అంత బాగా వర్ణించాక మళ్లీ ఈ చిట్టా ఎందుకు?" అని తన చేత్తోనే కొట్టేశారు. పైన ఏముందో చూడలేదు. ఆయనకు ఆవిడ మీద అంత నమ్మకం.

మధ్యాహ్నం హెడ్మాస్టరుగారి వంతు. పుస్తకాలు బంతుల గదిలో ఉన్నాయన్న వాక్యం దగ్గర ఆగిపోయారు. "ఇది బయటికి తెలిస్తే బడి పరువేం కాను?" అని దాన్నీ తీసేసి క్రమశిక్షణ, పూలమొక్కలు, హాజరు శాతం చేర్చారు. డ్రిల్లు మాస్టారు బతిమాలి రెండు కప్పులు, ఒక షీల్డు పెట్టించుకున్నారు.

నాలుగూ నలభైకి లెక్కల మాస్టారు పెన్సిలు మొనతో ఒక్కో మాటా లెక్కపెట్టి, "మూడువందల ఐదు," అన్నారు. "ఐదు ఎక్కువ."

ఎవరి మాటలు వాళ్లకు ముద్దు. అందరూ ఉపోద్ఘాతం మాస్టారి వైపు చూశారు. ఆయన మొదటి వాక్యంలో జ్ఞానజ్యోతికి ముందు సరిగ్గా ఐదు విశేషణాలున్నాయి. వాటి కోసం ఆయన రెండు రోజులు కష్టపడ్డారు. చివర అక్క మాటలు కూడా సరిగ్గా ఐదే.

"పైకప్పు సంగతి పైన ఉందిగా?" అని అడిగారు.

"లేకేం!" అన్నారు అందరూ, ఎవరికి వాళ్లు పక్కవాళ్లను తలుచుకుని.

పక్కగదికి వెళ్లి అక్కను ఒక్క మాట అడగవచ్చు. ఆవిడ అప్పుడు నిండిన బకెట్లు పారబోస్తోంది. మాస్టారు అడగలేదు. జ్యోతిని ఉంచుకుని అక్క మాటలు కొట్టేశారు. అర్జీ వెళ్లిపోయింది.

మూడు వారాలకు ఉత్తరం, దాంతోపాటు ఒక పెద్ద ఫ్రేమూ వచ్చాయి. హెడ్మాస్టరుగారు అందరినీ లైబ్రరీలోకి పిలిచి గొంతు సవరించుకుని చదివారు. "వచ్చిన నలభై అర్జీల్లోనూ మీది అత్యుత్తమంగా ఉంది." అందరూ చప్పట్లు కొట్టారు. "అయితే మీకేం కావాలో మూడుసార్లు చదివినా కనబడలేదు. ఏమీ అడగకుండా అర్జీ పెట్టిన బడి మా అనుభవంలో ఇదే మొదటిది. మీ సంతృప్తిని మెచ్చుకుంటూ ఈ ప్రశంసాపత్రం పంపుతున్నాం. సాయం మాత్రం 'కిటికీలకు అద్దాలు లేవు, పెట్టించండి' అని రాసిన బడికి ఇచ్చాం."

బకెట్లో చుక్క పడిన శబ్దం వినిపించింది. సైన్సు టీచరు లెక్కల మాస్టారిని చూసింది, ఆయన కిటికీలోంచి హెడ్మాస్టరుగారి పూలమొక్కల్ని చూశారు.

అందరూ వెళ్లాక మాస్టారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. "అక్కా, ఆ ఐదు మాటలూ కొట్టేసింది నేనే."

"తెలుసులే. అర్జీ నకలు చూశాను. నీ మొదటి వాక్యం అలాగే ఉంది."

"తిట్టవేం?"

"తిడితే మళ్లీ దానికో ముందుమాట చెప్తావు. ఆ బకెట్టు ఇటు జరుపు."

తిట్టి ఉంటే ఆయనకు కొంత తేలికయ్యేది. అయిదు నెలలూ గడిచాయి. ఆఖరి రోజున అక్క తాళంచెవి హెడ్మాస్టరుగారికి అప్పగిస్తుంటే పిల్లలు వరండాలో నిలబడే చదువుకుంటున్నారు. మాస్టారు అటువైపు చూడలేకపోయారు.

మరుసటి ఏడు పోటీకి ఆయన ఎవరికీ చూపించకుండా అక్క చీటీని ఉన్నదున్నట్టు టైపు చేసి పంపారు. నెల తిరక్కుండా ట్రస్టువాళ్లు వచ్చి చూసి పైకప్పు వేయించారు. పిల్లలు లోపల కూర్చున్నారు. ప్రారంభోత్సవానికి అక్క చుట్టంలా వచ్చి, ఒకప్పటి తన గదిలో ముందు వరసలో కూర్చుంది. మాస్టారిని మాట్లాడమనగానే డ్రిల్లు మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు.

"ఇది మా అక్క అడిగిన పైకప్పు," అని మాస్టారు వచ్చి కూర్చున్నారు.

లెక్కల మాస్టారు వేళ్లు మడిచి చూసుకుని, సరిపోయిందన్నట్టు తలాడించారు.