నీటి శాఖకు ఏనుగులు

ఒక పెద్ద అడవిలో ఎండలు ముదరకముందే కొత్త మంత్రిత్వ శాఖలు పుట్టుకొచ్చాయి. అవసరం వచ్చి కాదు. గద్దెనెక్కడానికి సాయపడ్డ చిరుతకూ తోడేలుకూ దుమ్ములగొండికీ సింహం మంత్రి పదవులిస్తానని మాటిచ్చింది. మంత్రులున్నాక శాఖలుండాలి, శాఖలున్నాక అధికారులుండాలి కదా!

నియామకాల భారం ఎలుగుబంటి జాంబయ్య నెత్తిన పడింది. జాంబయ్య నిజాయితీపరుడు. ఆ సంగతి అందరికంటే ముందు ఆయనే చెప్పేవాడు.

"సిఫార్సులు చెల్లవు. పని తెలిసినవాళ్ళకే ఉద్యోగం!" అని చాటింపు వేయించాడు.

నీటి శాఖ ఇంటర్వ్యూకి ముందుగా నక్క వచ్చింది.

"తమ బావమరిదిగారు నాకు బాగా కావలసినవారండి."

"ఇసుకలో చెలమ తవ్వడం వచ్చా?"

"చేరాక నేర్చుకుంటానండి."

"ఇక వెళ్ళిరా."

తర్వాత ఏనుగు గౌరమ్మ వచ్చింది. ఏటా వాగు ఎండగానే ఆమె మందే ఇసుక తవ్వి చెలమలు తీసేది. అడవంతా తాగేది ఆ నీళ్ళే. జాంబయ్య మురిసిపోయి మందకు మందనే అధికారులుగా తీసేసుకున్నాడు.

ఇంటికెళ్ళి, "నాలాంటివాడు ఒక్కడుంటే చాలే ఈ అడవికి!" అన్నాడు భార్యతో.

"ఆ ఒక్కడూ వచ్చి తింటే, నేను గుహ ఊడ్చుకుంటాను," అందామె.

వాగు ఎండింది. ఒక్క చెలమా లేదు. దాహంతో ఒక లేడిపిల్ల ఇసుకలో సొమ్మసిల్లి పడిపోయింది. జాంబయ్య గౌరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. మంద మొత్తం మద్దిచెట్ల నీడన కూర్చుని ఉంది.

"ఏమ్మా, ఈసారి తవ్వలేదేం?"

"తవ్వడం కిందివాళ్ళ పని బాబూ. మాది పర్యవేక్షణ."

"ఎవరా కిందివాళ్ళు?"

"మీరింకా తీసుకోలేదుగా!" అంది గౌరమ్మ నొచ్చుకుంటూ. "ఈ హోదాలో ఉండి తొండం ఇసుకలో పెడితే చూసేవాళ్ళకేం బాగుంటుంది చెప్పండి?"

'ఆ నక్కనే తీసుకున్నా బాగుండేది. ఏనుగులైనా తవ్వుకుంటూ ఉండేవి. నా నిజాయితీ తగలెయ్య!' అనుకున్నాడు జాంబయ్య.

తానే వాగులోకి దిగాడు. గోళ్ళు విరిగేలా తవ్వాడు. పొద్దు వాలేసరికి నీళ్ళు ఊరాయి. లేడిపిల్ల తాగి, లేచి నిలబడింది. చుట్టూ చేరిన జంతువులు జేజేలు కొట్టాయి.

ఆ జేజేలు సింహం చెవిన పడ్డాయి. జాంబయ్యను పిలిపించింది.

"నీళ్ళ పని ఇంత బాగా తెలిసినవాడివి, నిన్ను వదులుకుంటామా? ఇవాళ్టి నుంచి నీటి శాఖకు నువ్వే పెద్ద."

వద్దు అందామనే జాంబయ్య నోరు తెరిచాడు. కానీ నడుము లాగేస్తోంది. ఎదురుగా వేసిన ఆసనం మీద లేత గడ్డి మెత్తగా పరిచి ఉంది.

"కాస్త కూర్చుని చెబుతానండి," అన్నాడు.

ఇంతవరకూ చెప్పలేదు. గాలికి ఇసుక జారి చెలమ పూడిపోయింది. లేళ్ళు వచ్చి మొత్తుకుంటే, "కిందివాళ్ళని తీసుకునేదాకా ఓపిక పట్టండమ్మా," అంటున్నాడు.

నీతి: పని తెలిసినవాడికి పొరపాటున కూడా కుర్చీ వెయ్యకండి, వాడు కూర్చుంటాడు, పని నిలిచిపోతుంది.