దొరసానికి ఐడీ కార్డు

సైబరాబాదులో మనిషి ఉన్నాడనడానికి మనిషి కనిపిస్తే చాలదు. మెడలో కార్డు ఉండాలి. మానవజాతి ఇంతకాలం ఈ సౌకర్యం లేకుండా ఎలా నెట్టుకొచ్చిందో చరిత్రకారులే తేల్చాలి.

నల్లగండ్ల దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆవరణలో, క్యాంటీన్ పక్కన, జాగీర్దారు భార్య దొరసాని వెంకటరంగమ్మ స్మారక స్తంభం ఉంది. (స్తంభమే ముందు వచ్చింది. కంపెనీవారు పెద్దమనసుతో క్షమించారు.) కరువులో గాదెలు తెరిచి ఊరికి అన్నం పెట్టిన మనిషి ఆమె. ఆ అన్నం తిన్నవాళ్ల మనవడు బాలనర్సయ్య ఏటా వచ్చి స్తంభానికి సున్నం వేసి వెళ్లేవాడు.

కిందటేడు కొత్త నిబంధన వచ్చింది. ఉద్యోగిని కలవడానికి వచ్చినవారికి తప్ప గేటు తీయరాదు. బాలనర్సయ్య సున్నం బకెట్ పెట్టుకుని పొద్దంతా గేటు బయటే కూర్చున్నాడు. భవనాల మేనేజరు ఉదయ్ భాస్కర్‌కు మనసొప్పలేదు. నిబంధన మార్చే అధికారం ఆయనకు లేదు. మనుషుల్ని పనిలో పెట్టుకునే అధికారం ఉంది. కనుక దొరసానిని తన విభాగంలోనే ఉద్యోగిగా చేర్చుకున్నాడు. స్తంభానికి కార్డు తగిలించారు. ఆమె అతిథిగా బాలనర్సయ్య లోపలికెళ్లి, రెండు పూతలు వేసి, దండం పెట్టి వచ్చాడు.

వ్యవహారం అక్కడితో ముగియవలసింది. అయితే అందరూ ఇక రోజూ ఆఫీసుకే రావాలని ఆదేశం వెలువడింది. దాన్ని పూర్తిగా పాటించింది వెంకటరంగమ్మ ఒక్కతే. సెలవు పెట్టలేదు, ట్రాఫిక్ అనలేదు. హెచ్‌ఆర్ అధికారి కిరణ్మయి ఆమెకు అత్యుత్తమ రేటింగ్ ఇచ్చింది. (‘ఒత్తిడిని తట్టుకోగలరు’ అని విడిగా రాసింది.)

ఆ తర్వాత ఖర్చులు తగ్గించే రోజులొచ్చాయి. భవనాల విభాగానికి ఇద్దరెందుకన్నారు. అవతలిది రాయి అని ఉదయ్ భాస్కర్ మనవి చేసుకున్నాడు.

“మీ బాధ అర్థమవుతోందండి,” అంది కిరణ్మయి. “కానీ ఆవిడ రేటింగ్ చూడండి.”

ఆయన చూశాడు. తన రేటింగ్ కూడా చూసుకున్నాడు. సామాను అట్టపెట్టెలో సర్దుకుని లింగంపల్లి వెళ్లి రైలెక్కాడు. ఆయన పదవి దొరసానికి ఇచ్చారు.

ఈ ఏడు బాలనర్సయ్య మళ్లీ వచ్చాడు. గేటు దగ్గర సెక్యూరిటీ మహేశ్ మర్యాదగా లేచి నిలబడి, మేడమ్ ఇప్పుడు మేనేజరని, ఆమె సరేనంటే తప్ప ఎవరినీ పంపకూడదని చెప్పాడు. బాలనర్సయ్య ఊచల సందులోంచి చూశాడు. వానలకు పెచ్చులూడిన స్తంభం ఎదురుగానే ఉంది.

“గాడనే నిలబడి ఉంది గద బిడ్డా. జర పోనియ్యి.”

“కనవడ్తనే ఉన్నరు తాతా,” అన్నాడు మహేశ్. “మీటింగ్‌ల ఉన్నరు.”