దండ వేసిన సర్టిఫికెట్టు

సిద్దికా ఆ రోజుకి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే వేటపాలెంలో బస్సెక్కాలి, ఒంగోలులో మారాలి, పదకొండు గంటలకల్లా దర్శిలో దిగాలి, యలమందయ్య మందుల షాపు గోడ మీద ఉన్న తన సర్టిఫికెట్టు దించి సంచిలో పెట్టుకోవాలి. మర్నాడు గుంటూరులో దాన్ని చూపించాలి. ఇంత చిన్న ప్లానులో తప్పు దొర్లడానికి చోటెక్కడుందని ఎవరైనా అనుకుంటారు. ఆమె కూడా అలాగే అనుకుంది.

సిద్దికాకి ముప్పై ఒకటో ఏడు. బీఫార్మసీ చదివి, వేటపాలెంలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పులో తేమ ఎంతుందో చూసి పుస్తకంలో రాస్తుంటుంది. మందులు చదువుకున్న మనిషి జీడిపప్పు దగ్గర ఏం చేస్తోందని అడిగేవాళ్ళు లేరు. అసలు ఆమెను ఏదైనా అడిగేవాళ్ళే లేరు. తల్లి పోయి ఐదేళ్ళయింది. ఆదివారం నాడు ఫోన్ మోగిందంటే, సిమ్ము మార్చుకుంటారా మేడం అని అడిగే అమ్మాయే అయ్యుంటుంది. ఒకసారి ఆ అమ్మాయితోనే సిద్దికా పావుగంట మాట్లాడింది. చివరికి ఆ అమ్మాయే పని ఉందని చెప్పి పెట్టేసింది.

ఇలా ఇంకో ఏడాది గడిస్తే తను కూడా పప్పులా ఎండిపోతానని భయం వేసి, ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష రాసింది. ర్యాంకు వచ్చింది. ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ కావాలని రాసింది. ఉద్యోగాలు వేరే బ్రాంచిలో ఎక్కువని ఎవరో చెప్పారు గానీ ఆమె మనసు వినలేదు. కాలేజీలో చదివే రోజుల్లో కెమిస్ట్రీ ల్యాబులో ఒక బల్లకి ఇద్దరు ఉండేవాళ్ళు. రెండు ద్రావణాలు కలిపి, వేడి చేసి, ఐసులో పెట్టి, ఇద్దరూ తలలు వంచి చూస్తూ కూర్చునేవాళ్ళు. ఉన్నట్టుండి గాజు గోడల మీద సూదుల్లాంటి స్ఫటికాలు మొలిచేవి. పక్కమ్మాయి మోచేత్తో పొడిచి "వచ్చాయే" అనేది. ఏడేళ్ళుగా ఆమెతో ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఆమెకు కావలసింది డిగ్రీ అనుకునేరు. ఆ బల్ల దగ్గర తన పక్కన ఇంకో మనిషి కావాలి.

సీటు ఖాయం కావాలంటే కాయితాలు కావాలి. బీఫార్మసీలో యాభై అయిదు శాతం ఉండాలన్నారు, ఉన్నాయి. మార్కుల మెమోలు, టీసీ, ర్యాంకు కార్డు అన్నీ ఫైల్లో ఉన్నాయి. రెండే రెండు ముళ్ళు మిగిలాయి. ఒకటి, ఫార్మసీ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు ఒరిజినల్. రెండోది, చదువు మానేసిన ఏడేళ్ళూ ఏం చేసిందో చెప్పే గ్యాప్ అఫిడవిట్. ఏడేళ్ళలో ఏం చేశారని నోటరీ అడిగితే సిద్దికా జవాబు రెండు లైన్లలో అయిపోయింది. మిగతా పేజీ తెల్లగా ఉండిపోయింది. దాని కింద ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. చుట్టాలు కాకూడదు, కనీసం మూడేళ్ళుగా తెలిసినవాళ్ళై ఉండాలి. ఆ షరతు చదివి ఆమె చాలాసేపు ఆలోచించింది. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు నిరుడు వచ్చాడు. ఇంటి ఓనరు హైదరాబాదులో ఉంటాడు, అతను ఆమెను చూసింది ఒక్కసారే. మూడేళ్ళుగా తనను ఎరిగినవాళ్ళు, తేమ మీటరుని మినహాయిస్తే, ఒక్కరూ తేలలేదు.

మొదటి ముల్లు సంగతి చెప్పాలి. మందుల షాపు నడవాలంటే ఫార్మసిస్టు ఉండాలి. ఫార్మసిస్టు లేకపోతే ఫార్మసిస్టు సర్టిఫికెట్టయినా గోడ మీద ఉండాలని యలమందయ్య నమ్మకం. ఏడేళ్ళ కిందట తల్లి మంచాన పడ్డప్పుడు చేయి ఆడక, సిద్దికా తన సర్టిఫికెట్టు అతనికి అద్దెకిచ్చింది. అది తప్పని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. నెలనెలా ఆ అద్దె మాత్రం అందుకుంటూనే ఉంది. ఇప్పుడు సర్టిఫికెట్టు తిరిగి కావాలని ఫోన్ చేస్తే యలమందయ్య, "రామ్మా, చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం"లోనే అంతా ఉందని ఆమెకు తట్టలేదు.

ఆమె షాపుకి చేరేసరికి యలమందయ్య లేడు, సరుకు విడిపించుకోవడానికి పార్సిల్ ఆఫీసుకి వెళ్ళాడు. కౌంటరులో అతని తల్లి సుబ్బరావమ్మ కూర్చుని ఉంది. సిద్దికా తల ఎత్తి గోడ వంక చూసి అలాగే నిలబడిపోయింది. వెంకటేశ్వరస్వామి పటం, పక్కన యలమందయ్య తండ్రి ఫొటో, ఆ పక్కన తన సర్టిఫికెట్టు. ఫ్రేముకి నిండుగా చామంతి దండ. అద్దం మీద, సరిగ్గా తన ఫొటో నుదుటి దగ్గర, రూపాయి కాసంత కుంకుమ బొట్టు. ముందు రెండు అగరొత్తులు వెలుగుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక సిద్దికా బొట్టు పెట్టుకోవడం అదే మొదలు, అది కూడా ఆమెకు తెలియకుండా.

జరిగిందేమిటంటే, నాలుగేళ్ళ కిందట సుబ్బరావమ్మ భర్త పోయాడు. ఆయన ఫొటోకి రోజూ దండ వేస్తూ, పక్కనే ఆడపిల్లను బోసిగా వదిలేయడం బాగుండదని ఆవిడ దానికీ ఒక మూర పూలు తగిలించేది. దండ చూసి జనం, ఎవరండీ ఆ పిల్ల, ఎప్పుడు పోయిందని యలమందయ్యను అడిగారు. అద్దె సర్టిఫికెట్టని చెప్పలేక అతను పైకి చూసి నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు మీద దర్శి ఓ కథ కట్టింది. ఆ పిల్ల ఈ షాపులోనే మందులిచ్చేదట, కరోనా రోజుల్లో పేదవాళ్ళకి ఊరికే మాత్రలిచ్చి, ఆ జ్వరంతోనే పోయిందట. పేరు దండ చాటున పడి ఎవరికీ తెలియదు గనక మందులమ్మ అన్నారు. తను వేసిన దండ చూసి జనం నమ్మారు, ఆ జనాన్ని చూసి సుబ్బరావమ్మా నమ్మింది.

ఇదంతా తెలియని సిద్దికా, కొడుకుతో మాట్లాడానని ఆవిడతో చెప్పి, స్టూలు ఎక్కి ఫ్రేము మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే వెంకటరావమ్మ వచ్చింది. మందు కొట్టిన మిరప చేలో కలుపు తీసి, తలనొప్పితో మాత్ర కోసం వచ్చిన మనిషి.

"ఏందమ్మా, దేవుడి పటాలు దించుతున్నావ్?"

"ఇది దేవుడిది కాదండీ, నాది. ఫొటోలో ఉంది నేనే."

వెంకటరావమ్మ ఫొటోను చూసింది, ఈమెను చూసింది. ఫొటోలో ఇరవై మూడేళ్ళ పిల్ల, నిండు బుగ్గలు. స్టూలు మీద కళ్ళద్దాలు, లోతు కళ్ళు, బస్సులో చెదిరిన జుట్టు.

"ఆయమ్మ ఎంత కళగా ఉండేది. నువ్వు జ్వరమొచ్చి లేచినట్టున్నావ్. చచ్చిపోయిన మనిషిని నేనేనంటావా, నోరెట్టా వచ్చింది?" అంటూ ఆవిడ స్టూలు కాళ్ళు రెండు చేతులా పట్టుకుంది. దిగడానికీ లేదు, దించడానికీ లేదు. నలుగురూ పోగయ్యారు.

ఆ సమయానికి యలమందయ్య వచ్చాడు. బతికుందంటే ఇన్నాళ్ళూ షాపులో ఎందుకు లేదని అడుగుతారు. దొంగ అంటే పోలీసులొస్తారు. అతనికి అందిన అబద్ధం ఒక్కటే. "ఈవిడ ఆవిడ చెల్లెలు" అన్నాడు.

అంతే, స్టూలు కాళ్ళు వదిలి వెంకటరావమ్మ సిద్దికాను కావిలించుకుంది. కుర్చీ వచ్చింది, టీ వచ్చింది, ఎవరో అరటిపళ్ళు తెచ్చి ఒళ్ళో పెట్టారు. వెంకటరావమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, మీ అక్క చెయ్యి ఎంత చలవదో చెప్పడం మొదలుపెట్టింది. వానలో తడుస్తూ వస్తే తల తుడిచి మాత్ర ఇచ్చిందట. రెండుసార్లు అడిగినా విసుక్కోకుండా పొద్దునేది, రాత్రేది అని విడమర్చి చెప్పేదట. వింటూ వింటూ సిద్దికా ఏడ్చేసింది. అక్క కోసమని వాళ్ళనుకున్నారు. ఐదేళ్ళ తర్వాత తన చెయ్యి ఇంకొకరి చేతిలో ఉన్నందుకు ఆమె ఏడ్చింది. ఆ చచ్చిపోయిన మనిషి మీద ఆమెకు అసూయ కలిగింది.

జనం పెరిగారు. పటం తీసుకెళ్ళడానికి వీల్లేదన్నారు కొందరు. షాపు ముందు మందులమ్మ పేరుతో చలివేంద్రం పెడదామన్నారు ఇంకొందరు. ఫ్లెక్సీ మీద ఏ పేరు రాయాలో తేలక గొడవ పడ్డారు. అదే వీధిలో ఇంకో షాపు తనిఖీకి వచ్చిన డ్రగ్ ఇన్‌స్పెక్టరు, మందుల షాపు ముందు జనం, లోపల ఏడుపులు చూసి, ఏదో మందు వికటించిందని పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరు పోయారు?"

"మా మందులమ్మ సార్" అంది వెంకటరావమ్మ.

"ఎప్పుడు?"

"నాలుగేళ్ళయింది సార్."

ఇన్‌స్పెక్టరు గోడ మీది ఫ్రేమును దండ తప్పించి చదివాడు. చదివి, నాలుగేళ్ళ కిందట పోయిన ఫార్మసిస్టుతో షాపు నడుపుతున్నావా అని యలమందయ్యను మెల్లగా అడిగాడు.  అతను గిరుక్కున తిరిగి సిద్దికాకి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, బతికే ఉన్నానని చెప్పమ్మా."

"ఇందాక చెల్లెలన్నావ్?" అంది వెంకటరావమ్మ.

"అక్కా ఈవిడే, చెల్లెలూ ఈవిడే" అన్నాడు యలమందయ్య.

ఇన్‌స్పెక్టరు ఆధార్ కార్డు అడిగి తీసుకుని, ఫొటోలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. మనిషి ఈమేనని తేల్చి, మరి రోజూ ఇక్కడే పని చేస్తారా అని అడిగాడు. సిద్దికా నోరు విప్పేలోపు వెంకటరావమ్మ తేరుకుంది. రోజూ ఇక్కడే ఉండేదని, తన చేతిలో మాత్రలు పెట్టింది ఈమేనని గట్టిగా చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునన్నారు. అబద్ధమాడుతున్నామని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. సిద్దికా ఒక్కసారి తల ఊపితే చాలు. షాపు దక్కుతుంది, ఆ తుడిచిన తలలూ ఇచ్చిన మాత్రలూ అన్నీ ఆమెవైపోతాయి. సంచిలో మాత్రం జీడిపప్పు దగ్గర ఏడేళ్ళు గడిపానన్న అఫిడవిట్ ఉంది. దానికంటే పెద్ద అడ్డం ఇంకోటి ఉంది. తల ఊపితే వీళ్ళకు తెలిసేది ఇక ఎప్పటికీ ఆ చచ్చిపోయిన మనిషే. తను తెలియదు.

"బతికే ఉన్నాను సార్. కానీ ఇక్కడ ఎప్పుడూ పని చేయలేదు. సర్టిఫికెట్టు అద్దెకిచ్చాను. వీళ్ళెవరికీ నా చేత్తో ఒక్క మాత్ర కూడా ఇవ్వలేదు."

 అరటిపళ్ళు తెచ్చినాయన వాటి వంక ఒకసారి చూసుకుని వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరే కదిలారు. ఇన్‌స్పెక్టరు షాపు మూయించి, సర్టిఫికెట్టు స్వాధీనం చేసుకుని, పంచనామాలో "ఫ్రేము ఒకటి, చామంతి దండ ఒకటి" అని రాశాడు. కౌన్సిల్ నుంచి నోటీసు వస్తుందని, జవాబు చెప్పుకోవాలని చెప్పి, పంచనామా నకలు మీద ముద్ర కొట్టి సిద్దికా చేతికిచ్చాడు.

బస్టాండులో గుంటూరు బస్సు కోసం కూర్చుంది. పొద్దున ఎవరూ లేని మనిషిగా బయల్దేరింది. మధ్యాహ్నం ఓ ఊరంతా ఆమెదైంది. సాయంత్రానికి మళ్ళీ ఎవరూ లేరు. మొదటి నుంచీ లేకపోవడం కంటే ఇది ఎక్కువ నొప్పిగా ఉంది. ఒరిజినల్ లేదు, సాక్షులు లేరు. అయినా గుంటూరు వెళ్ళడానికే నిశ్చయించుకుంది, వేటపాలెంలో మాత్రం ఎవరున్నారు గనక.

అప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు ఆయాసపడుతూ వచ్చారు. సుబ్బరావమ్మ చేతిలో క్యారేజీ ఉంది. వెంకటరావమ్మ మొహం కందగడ్డలా ఉంది.

"నాలుగేళ్ళ బట్టి నీకోసం ఎంత ఏడ్చానో తెలుసా? ఒక్కసారొచ్చి బతికున్నానని చెప్తే నీ సొమ్మేం పోయింది?"

సిద్దికా తప్పయిందని ఒప్పుకుని, తన వల్ల షాపు మూతపడిందని సుబ్బరావమ్మకు క్షమాపణ చెప్పబోయింది. ఆవిడ వినిపించుకోలేదు. కొడుకు చేసుకున్నది కొడుకే చూసుకుంటాడంటూ క్యారేజీ విప్పింది. "నాలుగేళ్ళు పూలు పెట్టాను, ఒక పూట అన్నం పెట్టలేనా? తిను" అంది.

ఆమె తింటుంటే ఇద్దరూ అన్నీ అడిగారు. ఊరేది, పేరేంటి, అమ్మ ఎలా పోయింది, పొయ్యి మీద ఒక్కదానికే ఎంత వండుకుంటావు. సిద్దికా అన్నిటికీ జవాబు చెప్పింది. అఫిడవిట్ సంగతి కూడా చెప్పింది. ఇలా ఇవ్వమ్మా అని వెంకటరావమ్మ చెయ్యి చాపింది. మీకు నేను తెలియదు కదండీ అని సిద్దికా వెనక్కి తగ్గబోయింది.

"తెలియకుండానే ఏడ్చామా?" అంది వెంకటరావమ్మ.

సుబ్బరావమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది. ఒళ్ళో సంచి మీద కాయితం పెట్టుకుని గుండ్రటి అక్షరాలతో ఇద్దరి పేర్లూ రాసింది. ఇన్నాళ్ళుగా తెలుసన్న గడి దగ్గర ఆగి, ఏం రాయమంటావని అడిగింది. ఇవాళ్టికి అబద్ధాలు చాలండీ, నిజమే రాయండి అంది సిద్దికా. ఆవిడ రాసి, సంతకం పెట్టి, వెంకటరావమ్మ చేత వేలిముద్ర వేయించి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చింది. బస్సు కదిలేదాకా ఇద్దరూ కిటికీ పట్టుకుని నిలబడ్డారు.

మర్నాడు గుంటూరులో అడ్మిషన్ల గుమాస్తా ఫైలు తిరగేస్తూ రిజిస్ట్రేషన్ ఒరిజినల్ ఏదని అడిగాడు. సిద్దికా పంచనామా నకలు ఇచ్చి జరిగింది దాచకుండా చెప్పింది. అతను కథ వినలేదు, ముద్ర చూశాడు. ఒరిజినల్ ప్రభుత్వం దగ్గరే ఉన్నట్టు ప్రభుత్వమే రాసిచ్చింది గనక పేచీ లేదన్నాడు. తర్వాత అఫిడవిట్ మడతలు విప్పాడు. "సాక్షులకు అభ్యర్థి ఎంతకాలంగా తెలుసు" అన్న గడిలో "ఈ పిల్ల చనిపోయినప్పటి నుంచి, నాలుగేళ్ళు" అని గుండ్రటి అక్షరాల్లో ఉంది.  గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని రెండోసారి చదివాడు.

"మూడేళ్ళు దాటిందిగా, చాలు" అని ముద్ర కొట్టాడు.