తోటకూర, రకం: సుభద్ర

తోటకూర సుభద్రమ్మ ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి, రైతు శిక్షణ కేంద్రం రెండో కౌంటర్ దగ్గర, అధికారికంగా తోటకూర అయిపోయింది. నొప్పేం పుట్టలేదు. ఇంటిపేరు ముందు రాయడం మనకలవాటు కదా, ఆవిడ అలాగే రాసింది, ఆపరేటర్ అలాగే కొట్టాడు, కంప్యూటరేమో తన తెలివంతా చూపించి "పంట: తోటకూర, రకం: సుభద్ర" అని రసీదు బయటకి తోసింది. రైతు పేరన్న గడి ఖాళీ.

ఆవిడకి అర ఎకరం ఉంది. అందులో మందుల్లేకుండా కూరగాయలు పండించుకోడానికి ప్రభుత్వం వాళ్ళు గ్రీన్‌హౌస్ వేసిస్తామన్నారు, కానీ నెల్రోజుల శిక్షణ సర్టిఫికెట్ ఉన్న సన్నకారు రైతులకే. ఆ సీటు కోసం మూడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి, తీరా దొరికాక, రైతు కాకుండా పోయింది.

"ఇప్పుడేం చెయ్యమంటావు బాబూ?" అనడిగింది కోఆర్డినేటర్ ఉమాపతిని.

"పంటకి సర్టిఫికెట్ ఇవ్వలేమమ్మా," అన్నాడు ఉమాపతి, చాలా మర్యాదగా. "దిద్దొచ్చు గానీ పంటకాలం మధ్యలో సిస్టమ్ ఒప్పుకోదు. తోటకూరంటే ముప్ఫై రోజులు. కోతయ్యాక దిద్దేద్దాం, మీ గ్రీన్‌హౌస్ మీకొచ్చేస్తుంది."

"కోతంటే ఏం కోస్తారయ్యా?"

"గోళ్ళు సరిపోతాయి."

ఆవిడ ప్రాణం కుదుటపడింది.

కేంద్రం వెనకున్న గ్రీన్‌హౌస్‌లో, బెండకీ కీరదోసకీ మధ్య మూడో మడి ఆవిడకి కేటాయించారు. కుర్చీ వేశారు. పాదాలు మట్టిలో, చీలమండల దగ్గర డ్రిప్పు పైపు, చుట్టూ వర్మీకంపోస్టు, పూటకో చెంబుడు పేడా గోమూత్రం కలిపిన జీవామృతం. శిక్షణకొచ్చిన మిగతా పదకొండు మంది రైతులూ ప్రాక్టికల్స్ ఆవిడ మీదే చేశారు.

మూడో రోజు ఆవిడ మొగుడు సూరిబాబు ఫ్లాస్కులో టీ తెచ్చాడు. సరిగ్గా అప్పుడే కలుపు పాఠం నడుస్తోంది. పంట పక్కన పంట కానిదేదున్నా కలుపేనని ఉమాపతి చెప్పి నోరు మూసేలోపు, ఇద్దరు రైతులు సూరిబాబుని చెరో భుజం పట్టుకుని, వేళ్ళు తెగకుండా జాగ్రత్తగా పైకి లాగి, గేటు బయట పెట్టొచ్చారు. "ఓరి మీ దుంపతెగ, నేను మొగుణ్రా!" అని అరిచాడు. రైతులు ఆ రకం పేరు కూడా నోట్సులో రాసుకున్నారు.

ఎనిమిదో రోజు ఆవిడ జుట్టు మొదళ్ళలో తెలుపు కనపడింది. బూడిద తెగులన్నారు, పుల్లమజ్జిగ పిచికారీ చేశారు.

"తెగులు కాదు నాయనా, వయసు! రంగేసి రెణ్ణెల్లయింది!" అంది ఆవిడ ముఖం తుడుచుకుంటూ.

పిచికారీ చేస్తున్నవాళ్ళు రెండడుగులు వెనక్కేశారు.

"రంగా?" అన్నాడు ఉమాపతి. "అంటే... రసాయనమా?"

వారం రోజులు ఆవిడ మడి చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు.

శిక్షణకొచ్చినవాళ్ళలో పొరుగు చేను వంకాయల మార్కండేయులు కూడా ఉన్నాడు. బ్యాంకు కార్డు మీద ఉన్నట్టు పేరు ముందూ ఇంటిపేరు వెనకా రాసి, ఎలాగో రైతుగానే మిగిలాడు. "నీకేం వదినా, మహారాణివి," అన్నాడు రిబ్బను ఇవతల నిలబడి. "కూర్చున్న చోటికే నీళ్ళు. నా చేలోకి కాలవ నీళ్ళొచ్చి పదిహేను రోజులు."

"ఏడవకయ్యా, వెళ్ళి నువ్వూ ఇంటిపేరు ముందు రాసుకో," అంది సుభద్రమ్మ. అనేసింది గానీ, ఆ మాట ఆవిడ బుర్రలోనే తిరగడం మొదలెట్టింది.

ఇరవై రెండో రోజు గాలివాన. ఇంకా చినుకులు పడుతుండగానే రెండు జీపుల్లో పంటనష్టం రాసుకునే ముగ్గురు అధికారులు ఉరుక్కుంటూ వచ్చి, ఆవిడ చెవులు అటూ ఇటూ తిప్పి చూసి, "ఎక్కడా చినగలేదు కదా?" అని కంగారుగా అడిగారు. పక్కనే మార్కండేయులు, తన ఇంటి రేకులు ఎగిరిపోయాయని చెప్పుకున్నాడు. అది వేరే శాఖన్నారు.

ముప్ఫయ్యో రోజు కోత. నాలుగు గ్రాములొచ్చింది, మొదటి రకం. ఉమాపతి దిద్దుబాటు కాగితం తెచ్చి, "ఇక్కడ సంతకం పెట్టండమ్మా, రైతైపోతారు," అన్నాడు.

సుభద్రమ్మ పెన్ను పుచ్చుకుని ఆగింది. "రైతునైతే నీళ్ళెవరు పోస్తారు?"

"మీరే పోసుకోవాలి."

"వడిలిపోయానేమో అని రోజూ చూడ్డానికొస్తారా?"

"రైతులకి ఆ ఏర్పాటు లేదమ్మా."

"గాలివానొస్తే?"

"అర్జీ పెట్టుకోవాలి."

ఆవిడ పెన్ను మూత పెట్టేసింది. "తోటకూర మళ్ళీ చిగురేస్తుంది కదా బాబూ? ఇంకో కాపు ఉండనీ."

ఉమాపతి ఉంచాడు, ఆ గడి కూడా ఉంది కాగితంలో. మధ్యాహ్నానికల్లా మార్కండేయులు ఇంటిపేరు ముందు రాసుకుని ఐదో మడిలో వంకాయై కూర్చున్నాడు. మర్నాడు గుమ్మడివాళ్ళూ కాకరవాళ్ళూ పిల్లాజెల్లాతో దిగారు. ఇంటిపేరులో ఏ కూరా లేని పోలిశెట్టివాళ్ళు గేటు దగ్గర ధర్నా చేస్తే, వాళ్ళని "ఇతర ఆకుకూరలు" కింద తీసుకున్నారు.

మరుసటి నెల పట్నం నుంచి పరిశీలన బృందం వచ్చింది. మడులన్నీ కిటకిట, ఒక్క పంటకీ తెగులు లేదు, రసాయనం చుక్క లేదు. పెద్దాయన ఫొటోలన్నీ తీయించుకుని, మురిసిపోయి, "అద్భుతమయ్యా! ఏరీ, ఇంతలా పండించిన రైతుల్ని ఒకసారి పిలవండి, శాలువా కప్పుదాం," అన్నాడు.

ఎవరూ లేవలేదు. సుభద్రమ్మ చప్పుడు కాకుండా పాదాలు ఇంకాస్త లోపలికి, మట్టిలోకి దూర్చుకుంది.