మిగిలిన పదకొండు వందలు

నెల మొదటి ఆదివారం పొద్దున్నే ప్రూఫురీడరు గారు ఇంటి బడ్జెట్ వేయడానికి కూర్చున్నారు. ప్రెస్సులో ఒకరి తప్పులు పట్టి పట్టి, రోజుకో తప్పు దొరకనిదే ముద్ద దిగని మనిషి ఆయన. కిందటి నెల జీతంలోంచి ఖర్చులన్నీ తీసేస్తే కాగితం మీద సున్నా తేలింది. డబ్బుల డబ్బాలో మాత్రం పదకొండు వందలున్నాయి.

డబ్బు తగ్గితే ఎవరైనా వెతుకుతారు. మిగిలినందుకు కంగారు పడేవాణ్ణి ఏమనాలో తెలియదు. భార్య ముఖం మాత్రం వెలిగింది. పదకొండేళ్లుగా బండ దగ్గర కూలబడి బట్టలుతికి ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి.

"వాషింగ్ మెషీన్ వాయిదాకి సరిగ్గా సరిపోతాయండీ," అంది.

"ఎక్కడివో తెలియకుండా ఎలా? ఎవరికో ఇవ్వడం మరిచిపోయుంటాం."

ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. లెక్క చెడుతుందని ఆయన చెయ్యి అడ్డం పెట్టి, చెప్పులేసుకుని బయల్దేరారు.

మొదట పాలవాణ్ణి అడిగారు. బాకీ ఏమీ లేదన్నాడతను. అడిగే మనిషి అంత ఆత్రంగా ఉంటే కాదనడం బాగుండదనుకున్నాడో ఏమో, రెండేళ్ల కిందటి రెండు వందలు గుర్తు తెచ్చుకున్నాడు. ఆయన ఇచ్చేశారు. అడగకుండా పాత బాకీలు తీర్చేది ఊరు వదిలేవాళ్లేనని పాలవాడికి తోచింది. ఆ ముక్క కాస్తా కిరాణా కొట్లో వేసి పోయాడు. ఆయన అక్కడికి చేరేసరికి కొట్టతను పాత పుస్తకం దులిపి, మూడు వందలు తేల్చి పెట్టాడు. అవీ ఇచ్చేశారు.

సాయంత్రానికి ఇంటి యజమాని ఒక జంటను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లు టేపుతో హాలు కొలవడం మొదలుపెట్టారు.

"మేం ఖాళీ చేస్తున్నామని ఎవరన్నారు?" ప్రూఫురీడరు గారు టేపుకి అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

"వీధంతా అంటోంది. వీళ్లు నెలకి ఆరు వందలు ఎక్కువిస్తామంటున్నారు. మీరూ అంతే ఇస్తే వీళ్లను పంపేస్తా."

చేసేది లేక ఆ ఆరు వందలూ లెక్కపెట్టి చేతిలో పెట్టారు. డబ్బా ఖాళీ అయింది. కాగితమూ డబ్బా ఒక్క మాట మీదకొచ్చాయి. అయినా ఆయన మనసు పీకుతూనే ఉంది.

"ఇంతకీ అవి ఎక్కడివంటావు?" అని భార్యనడిగారు.

"మీ ప్రెస్సు క్యాంటీనువి. అక్కడి తిండి పడటం లేదని కిందటి నెలంతా నేనే క్యారియర్ కట్టిచ్చాను. మీరు అలవాటు కొద్దీ క్యాంటీను ఖర్చు పదకొండు వందలు రాసేసుకున్నారు."

"పొద్దున్నే చెప్పొచ్చుగా?"

"చెప్పనిచ్చారా? వీధిలో అందరినీ అడిగారు, నన్ను తప్ప."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదనిపించింది ఆయనకి. సబ్బుకి పగిలిన ఆ వేళ్లు చూసి నిజంగానే సిగ్గుపడ్డారు. చొక్కా చేతులు మడిచి, మాసిన బట్టల బకెట్ తన వైపు లాక్కున్నారు.

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో బట్టలు మెషీనూ ఉతకడం లేదు, ఆవిడా ఉతకడం లేదు.