అలమారా తలుపుల్లో గురువుగారు

గిటార్ల మేస్త్రీ ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. బావమరిది గిటారుకు కొత్త తీగలు బిగించడం. అది అతనికి సంగీతం నేర్పి, చనిపోయిన గురువుగారి గిటారు. ఆయన పోయాక బావమరిది వేదిక ఎక్కలేదు. "ఈ కర్రలో గురువుగారున్నారు బావా" అన్న ధైర్యంతోనే మర్నాటి కచేరీకి ఒప్పుకున్నాడు.

గిటారు బల్లమీంచి జారి నిలువునా చీలింది. మేస్త్రీకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"మీ తమ్ముడితో అనకు," అన్నాడు భార్యతో, వంటింటి అలమారా తలుపులు ఊడదీస్తూ. "కరెంటు గిటారుకి కర్ర ఏదైతేనేం? తీగల కింది అయస్కాంతాలు వాటి ఊపును పట్టి స్పీకరుకి పంపుతాయి. కర్ర మోస్తుందంతే."

"మోయడానికి నా తలుపులే దొరికాయా?"

రెండు తలుపులూ జతచేసి అతికించి, పాత ఆకారంలో కోసి, పాత మెడ, అయస్కాంతాలు బిగించాడు. నల్లరంగు పూసి, భార్య జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆరబెట్టాడు.

మర్నాడు బావమరిది ఒక్కసారి మీటి కళ్లు మూసుకున్నాడు. "గురువుగారు ఇంత దగ్గరగా ఎప్పుడూ లేరు బావా! దగ్గు కూడా వినిపిస్తోంది."

మేస్త్రీ నవ్వు ఆపుకుంటుండగానే స్పీకరులోంచి నిజంగానే పొడిదగ్గు వచ్చింది. వైరు వదులైందని బిగించాడు. మళ్లీ దగ్గింది. ఈలోగా బావమరిది ఫోను చేయనే చేశాడు. గురువుగారి భార్య పరుగున వచ్చి, విని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఆయనే!"

ఆ కన్నీళ్లు చూసి మేస్త్రీ ఉండబట్టలేకపోయాడు. "క్షమించండమ్మా. ఆ గిటారు నా చేతిలో పగిలింది. ఇవి మా అలమారా తలుపులు."

బావమరిది స్పీకరు ప్లగ్గు పీకి పారేశాడు. "తలుపుచెక్క పట్టుకుని వేదిక ఎక్కనా? నేను వాయించను!"

"పగిలింది కూడా ఆయనది కాదు నాయనా," అందావిడ నెమ్మదిగా. "ఆయనది ఎప్పుడో అమ్ముకున్నాం. నువ్వు గుర్తుగా అడిగితే కాదనలేక, పాతసామాన్ల కొట్లో దొరికింది తెచ్చిచ్చాను. అందులో నువ్విన్నదంతా నీ చేతి మహిమే."

ప్లగ్గు నేలమీద పడి ఉంది. స్పీకరు మీది ఎర్రదీపం ఆరిపోయింది. అందులోంచి ఎవరో గొంతు సవరించుకుని, నింపాదిగా దగ్గారు.

మేస్త్రీ తన భార్య వెనక దాక్కుందామని చూస్తే, ఆవిడ అప్పటికే అతని వెనక ఉంది. బావమరిది మాత్రం గిటారు భుజాన తగిలించుకుని, స్పీకరును పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. "పద బావా, గురువుగారికి ఆలస్యం గిట్టదు."

గురువుగారి భార్య తన శాలువా తీసి స్పీకరుకి చుట్టింది. "వేదిక మీద ఫ్యాను కింద మాత్రం పెట్టకు నాయనా, ఆయనకు పడదు."