మొదటి పాట ఎవరిది?

ఆ రెండో శనివారం పొద్దున్న సూర్యప్రకాశం చేయవలసిన పనులు రెండే. ఆత్రేయపురం నుంచి వచ్చిన పూతరేకుల పెట్టెలు ఆటోలో వేసుకుని కమ్యూనిటీ హాలుకు చేర్చడం, మైకు సెట్టు వచ్చిందో లేదో చూసుకోవడం. ఆ తర్వాత తెల్ల లాల్చీ తొడుక్కుని, జేబుకి "కన్వీనర్" అన్న బ్యాడ్జీ తగిలించుకుని, వచ్చినవాళ్ళకి నమస్కారాలు పెడుతూ గుమ్మంలో నిలబడితే చాలు.

ప్లేట్లో ఇడ్లీ వేస్తూ భార్య ఉమాశ్రీ మామూలుగానే అడిగింది. "ఏవండీ, ఇంతకీ ముందు పాడేదెవరు?"

సూర్యప్రకాశం చెయ్యి చట్నీలో ఆగిపోయింది.

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకి ఆనుకుని ఉంటుంది వాళ్ళ వీధి. ఈ చివర రామాలయం, ఆ చివర చర్చి, నడుమ మసీదు. పోయిన ఏడాది మైకుల మోత మీద మాటా మాటా పెరిగి, ఒకరి ఇంట శుభకార్యానికి ఒకరు వెళ్ళడం మానేసేదాకా వచ్చింది. ఆ ముడి విప్పుదామనే పెద్దలు ఈ శాంతి గీతాల సభ తలపెట్టారు. మూడు ప్రార్థనా గీతాలు, తర్వాత అందరూ కలిసి ఒక పాట. ఏర్పాట్లన్నీ సూర్యప్రకాశానికి అప్పజెప్పారు. కాలేజీలో కామర్స్ చెప్పే ఆయన మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించడు. నొప్పించకపోవడానికి ఆయన దగ్గరున్న ఉపాయం ఒక్కటే. ఎవరేమడిగినా "అలాగేనండి" అనడం.

పాడడానికి రమ్మని పిలవడానికి వెళ్ళినప్పుడు పాస్టరు జ్ఞానప్రకాశం గారు కొంచెం తటపటాయించారు. ఆయన్ని ఒప్పించడానికి "మొదటి పాట మీదేనండి" అన్నాడు సూర్యప్రకాశం. లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మస్తాన్‌వలీ గారూ అలాగే నసిగారు. ఆయనకీ అదే మాట చెప్పాడు. భజన బృందం నడిపే సీతారామలక్ష్మి గారు ఆలోచించి చెప్తాననగానే ఆవిడకీ అదే మాట. ముగ్గురూ వెంటనే ఒప్పుకున్నారు.

సంగతి విని ఉమాశ్రీ నెత్తి కొట్టుకోలేదు గానీ, గరిటె కింద పెట్టేసింది. "ముగ్గురి దగ్గరికీ వెళ్ళి, పొరపాటు చేశానండీ, క్షమించండీ అనండి. అయిపోతుంది."

"క్షమించకపోతే?"

"అప్పుడు మీకు సిగ్గేస్తుంది. అంతే కదా."

ఆ "అంతే" అన్నది దాటడమే సూర్యప్రకాశానికి ఈ జన్మలో చేతకాని పని.

నిజం చెప్పాలనే బయల్దేరాడు. జ్ఞానప్రకాశం గారింటికి వెళ్ళేసరికి ఆయన కీబోర్డు ముందు కూర్చుని ఉన్నారు. "వందనాలండి, రండి. మొదటి పాట కదాని శ్రుతి ఒకటికి రెండుసార్లు చూసుకుంటున్నాను" అన్నారు. ఆ నవ్వు చూడగానే సూర్యప్రకాశం నోట్లో ఉన్న నిజం వెనక్కి జారింది.

"అదేనండి... సీతారామలక్ష్మి గారికి ఒంట్లో అస్సలు బాగోలేదండి. ఆవిడ ముందు పాడేసి కూర్చుంటే..."

"అయ్యో! ఏంటండీ జబ్బు?"

"డాక్టర్లు పేరు చెప్పలేదండి."

"ఆవిడకి తెలుసా?"

"తెలీదండి. తెలీకూడదండి కూడా. మీరసలు అడక్కండి."

పాస్టరు గారు కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ప్రార్థన చేసుకుని, "ఆవిడే ముందు పాడాలి" అన్నారు. సూర్యప్రకాశం గుమ్మం దిగుతూ హమ్మయ్య అనుకున్నాడు. అబద్ధమే, కానీ ఎవరికీ నష్టం లేదనుకున్నాడు.

వీధి మధ్యకి వచ్చేసరికి మస్తాన్‌వలీ గారు పాల ప్యాకెట్లతో ఎదురయ్యారు. "పాస్టరు గారింట్లోంచి వస్తున్నారేంటండీ? మొదటి పాట ఆయనకిద్దామనా?"

"అబ్బే, లేదండి. ఆయన... ఆయన గొంతు పాడైందండి. ఎక్కువ పాడొద్దన్నారట డాక్టర్లు. ఇవాళో రేపో మొత్తానికి పోతుందేమోనని..." ఎందుకన్నాడో ఆయనకే తెలీదు. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకపోతే బాగోదనిపించింది.

మస్తాన్‌వలీ గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "యా అల్లా! ఎంత గొంతండీ అది! నేను తలుపులేసుకుని ట్యూషన్ చెప్పుకుంటున్నా ఆయన పాట నాలుగు గోడలూ దాటుకుని వచ్చేది. అయితే ముందు ఆయనే పాడాలి. నాదేముంది, ఎప్పుడైనా పాడొచ్చు." తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుని వెళ్ళిపోయారు.

పాస్టరు గారేమో ఆవిడ ముందంటారు, మాస్టారేమో పాస్టరు గారు ముందంటారు. ఇక ఆవిడ ముందు పాడేస్తే గొడవే లేదు. ఆవిడకి ఏమీ చెప్పక్కర్లేదు. ఊరికే ఒకసారి గుర్తు చేసి వెళ్దామని సీతారామలక్ష్మి గారి గేటు తీశాడు. ఆవిడ అప్పటికే మేడ దిగి వస్తున్నారు.

"ఏమైందండి మాస్టారు గారికి? మీతో మాట్లాడుతూ కళ్ళు తుడుచుకున్నారు. పైనించి చూశాను."

పాస్టరు గారి గొంతు సంగతి చెప్తే ఆవిడ వెంటనే పాస్టరు గారికే ఫోన్ చేస్తారు. "ఆయనకి గుండెండి" అన్నాడు. "ఇంట్లో వాళ్ళక్కూడా చెప్పలేదట. మీరు బయటపడకండి."

సీతారామలక్ష్మి గారు గేటు పట్టుకుని నిలబడిపోయారు. "పోయినేడాది మైకు గొడవలో ఆయన్ని నానా మాటలూ అన్నానండి. గుండె జబ్బు మనిషిని!" అని ముక్కు ఎగబీల్చారు. "ఆయనే ముందు పాడతారు. నేను ముందు పాడితే ఆ రాముడు నన్ను క్షమించడు."

సభ వేళకి హాలు నిండింది. ఏడాదిగా మొహాలు చూసుకోనివాళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. స్టేజీ మీద మాత్రం వింతగా ఉంది. పాస్టరు గారు సీతారామలక్ష్మి గారికి ఫ్యాను కింద కుర్చీ వేసి, మంచినీళ్ళు తెచ్చిచ్చి, "నెమ్మదమ్మా, నెమ్మది" అంటున్నారు. ఆవిడ మస్తాన్‌వలీ గారి చేతిలోంచి పూతరేకు లాక్కుని "నెయ్యి వద్దండీ మీకు" అంటున్నారు. మాస్టారు పాస్టరు గారి మెడకి తన తువ్వాలు చుట్టి, "మాట్లాడకండి, సైగ చేయండి చాలు" అంటున్నారు.

వీధి కమిటీ ప్రెసిడెంటు వెంకటరాజు గారు మైకు అందుకుని మొదటి పాటకి పిలిచారు. ముగ్గురూ లేచారు. ముగ్గురూ పక్కవారిని ముందుకి తోశారు.

"మీరు పాడండమ్మా."

"నేను కాదండీ, మాస్టారు గారు."

"నేను కాదు, పాస్టరు గారు."

ఆ మర్యాద చూసి జనం చప్పట్లు కొట్టారు. వెంకటరాజు గారు ఉండబట్టలేక, "చూశారా! పోయినేడాది నా మైకు ముందంటే నా మైకు ముందని కొట్టుకున్నాం. ఇవాళ చూడండి!" అని కళ్ళు తుడుచుకున్నారు. స్తంభం పక్కన నిలబడ్డ సూర్యప్రకాశానికి ఆ చప్పట్లు ఒక్కొక్కటీ చెంప మీద పడుతున్నట్టే ఉంది.

ఎంతకీ తేలకపోయేసరికి పాస్టరు గారు మైకు తీసుకున్నారు. "ప్రభువా, ఈ తల్లికి వచ్చిన కష్టం ఆమెకి తెలియదు. నీకు తెలుసు. ఆమె ఆయుష్షు పొడిగించు తండ్రీ."

సీతారామలక్ష్మి గారు చటుక్కున తలెత్తారు. "నాకేంటండీ కష్టం? నేను గుండ్రాయిలా ఉన్నాను! బాగోలేనిది మాస్టారు గారికి కదా, పాపం గుండె..." అని నాలుక కరుచుకున్నారు. కానీ మైకు మాటని వెనక్కి తీసుకోలేదు.

ఆడవాళ్ళ వరసలోంచి మస్తాన్‌వలీ గారి భార్య ఖైరున్నీసా లేచింది. కొంగు తలమీదికి లాక్కుంటూ, కుర్చీలు తగులుకుంటూ స్టేజీ దగ్గరికి వచ్చి భర్త చొక్కా పట్టుకుంది. "గుండెంటండీ? నాకెందుకు చెప్పలేదు?"

"నాకేం లేదే! గొంతు పోయింది పాస్టరు గారికి!"

"నా గొంతుకేం?" అని పాస్టరు గారు అరిచిన అరుపుకి స్పీకర్లు కీచుమన్నాయి.

"దాచకండి. నా దగ్గర కూడా దాస్తారా?" అంటూ ఖైరున్నీసా ఏడుస్తూనే ఉంది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఒకే వీధిలో ముగ్గురికీ ఒకేసారి జబ్బంటే కుళాయి నీళ్ళే అయ్యుంటాయని ఎవరో అన్నారు. నాలుగో వరసలో ఒకాయన అప్పటికే కడుపు పట్టుకున్నాడు. ఇంకెవరో అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నారు.

ఉమాశ్రీ కుర్చీలోంచి వెనక్కి తిరిగి మొగుడి వంక చూసింది.

సూర్యప్రకాశం స్టేజీ ఎక్కాడు. మైకు అందుకున్నాడు. "ఎవరికీ ఏ జబ్బూ లేదండి. ముగ్గురికీ మొదటి పాట మీదేనని మాటిచ్చాను. అది బయటపడకూడదని ముగ్గురికీ జబ్బులు అంటగట్టాను. తప్పు నాది."

తిట్టినా బాగుండు అనుకున్నాడు. తిట్టలేదెవరూ. ఖైరున్నీసా భర్త చొక్కా వదల్లేదు. ఆయన వంక కాకుండా సూర్యప్రకాశం వంక చూసి, మెల్లిగా అంది. "మనవరాలి పెళ్ళిదాకా అయినా ఉంటారా ఈయన అనుకున్నానండీ బాబూ, ఇప్పుడు."

సూర్యప్రకాశం బ్యాడ్జీ తీసి జేబులో పెట్టుకున్నాడు. "క్షమించండమ్మా" అన్నాడు. పొద్దున్నే మూడు ఇళ్ళలో అనాల్సిన మాట. అందరి ముందూ అంటే అది అంత చిన్నదిగా వినబడుతుందని ఆయనకి తెలీదు.

ముందుగా మాట్లాడింది మస్తాన్‌వలీ గారు. "అయినా సూర్యప్రకాశం గారూ, మొదటి పాట కావాలని నేనెప్పుడు అడిగానండీ? మొదటి పాటప్పుడు జనం కుర్చీలు సర్దుకుంటుంటారు, మైకు కూస్తుంటుంది. మీరంత సరదాపడి ఇస్తుంటే కాదనలేకపోయాను."

"నేనూ అంతేనండి. మధ్యలో పాడదామనుకున్నాను, గొంతు కాస్త వేడెక్కాక" అన్నారు పాస్టరు గారు.

సీతారామలక్ష్మి గారు నుదురు కొట్టుకున్నారు. "నాకు మొదట పాడాలంటే కాళ్ళొణుకుతాయండీ! మీరు మాటిచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు!"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందుగా నవ్వింది ఖైరున్నీసాయే, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. ఆ తర్వాత హాలంతా నవ్వింది. నవ్వనిది సూర్యప్రకాశం ఒక్కడే. ఆ నవ్వుల్లో తలెత్తడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

చివర్లో పాడాల్సిన అందరి పాటనే ముందు పాడారు. పాస్టరు గారి గొంతు హాలు దాటి గోదావరిదాకా వెళ్ళింది. అంబులెన్సు వచ్చి వెళ్ళింది. సూర్యప్రకాశం వెనక వరసలో, ఉమాశ్రీ పక్కన కూర్చుని పెదాలు మాత్రం కదిపాడు.

సభ ముగిశాక వెంకటరాజు గారు ఒక తీర్మానం ప్రవేశపెట్టారు. వచ్చే ఏడాది సభకి ఎవరినీ పిలిచే పని సూర్యప్రకాశం గారికి ఇవ్వకూడదు. రాముడి గుడి వాళ్ళు, మసీదు వాళ్ళు, చర్చి వాళ్ళు ఒక్కసారే చేతులెత్తారు.

సర్వమత ఐక్యత అంటే ఏమిటో ఆ వీధి కళ్ళారా చూసింది అప్పుడే.